మైఐడీపీ సమీక్ష: గైడ్‌కీ స్కాలర్‌కీ మధ్య ఈ ఉచిత టూల్ ఎంతవరకు పనికొస్తుంది?

పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలో స్కాలర్‌కి ఓ టాపిక్ దొరుకుతుంది, చదవమని పేపర్ల కట్ట దొరుకుతుంది, ల్యాబ్‌లో కాస్త బెంచీ జాగా దొరుకుతుంది. గైడ్ తన నుంచి ఏం ఆశిస్తున్నారో, గైడ్ నుంచి తను ఏం ఆశించవచ్చో మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టరు. మూడో ఏడాదిలో మాటామాటా వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే మాట అంటారు: "అది వేరే చెప్పాలా? తెలిసుండాలి కదా!" ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడానికి ఉన్న ఉచిత సాధనాల్లో బాగా పేరున్నది మైఐడీపీ.

ఐడీపీ అంటే ఇండివిడ్యువల్ డెవలప్‌మెంట్ ప్లాన్. 'సైన్స్' పత్రికను వెలువరించే అమెరికా సంస్థ ఏఏఏఎస్, తన సైన్స్ కెరీర్స్ సైటులో 2012లో దీన్ని పెట్టింది. సైన్స్ పీహెచ్‌డీ విద్యార్థులనూ పోస్ట్‌డాక్‌లనూ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబుల్లో పరిశోధన కొనసాగించేవాళ్లు) దృష్టిలో పెట్టుకుని చేసినది. రిజిస్టర్ చేసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. మనం నింపింది మనకే కనిపిస్తుంది. మనంతట మనం చూపిస్తే తప్ప గైడ్‌కి చేరదు. ఉన్నదంతా ఇంగ్లీషులోనే.

అమెరికాలో చదివే మన పిల్లలకు ఇది ఎలాగూ ఎదురయ్యేదే. వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్, 2014 అక్టోబర్ నుంచి గ్రాంటు ప్రోగ్రెస్ రిపోర్టుల్లో ఐడీపీలు వాడుతున్నారో లేదో చెప్పమంటోంది. అక్కడ అది గట్టి ప్రోత్సాహమే, తప్పనిసరి కాదు. సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధనలకు డబ్బిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2024 మే 20న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంటు నుంచి చెప్పుకోదగ్గ సాయం అందుకునే ప్రతి గ్రాడ్యుయేట్ స్టూడెంట్‌కీ, పోస్ట్‌డాక్‌కీ రాతపూర్వకంగా ఐడీపీ ఉండాలి, ఏటా దాన్ని సరిచూసుకోవాలి. మన దేశంలో ఇలాంటి నిబంధన లేదు. కానీ యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ (ఆర్‌ఏసీ) ముందు ప్రజెంటేషన్ ఇచ్చి, ప్రోగ్రెస్ రిపోర్టు సమర్పించాలి. ఆ రిపోర్టు రాయడానికి కావలసిన సరుకంతా మైఐడీపీలోంచి తీసుకోవచ్చు కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న స్కాలర్‌కి కూడా పనికొస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. స్కాలర్ తనను తాను ప్రశ్నించుకోవడానికి మైఐడీపీ చాలా మంచి సాధనం. గైడ్‌కీ స్కాలర్‌కీ మధ్య ఒప్పందం కుదర్చడానికి మాత్రం ఇది చాలదు, అందుకు ఇంకో పేజీ విడిగా రాసుకోవాలి. ఆ పేజీలో ఏముండాలో కింద వివరంగా ఇచ్చాం. టూల్‌ని మాత్రమే నింపి పని అయిపోయిందనుకున్న ల్యాబుల్లో అది ఫైలులో పడి ఉండే కాగితంగా మిగిలిపోతుంది.

మొదటి భాగం స్వీయ అంచనా. సబ్జెక్టు పరిజ్ఞానం, రీసెర్చ్ నైపుణ్యాలు, రాత-మాట, వృత్తి ప్రవర్తన, మేనేజ్‌మెంట్, రీసెర్చ్ నైతికత, కెరీర్ ఎదుగుదల అనే అంశాల కింద చాలా ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేసుకోవాలి. అన్నీ ఒకే ఊపులో నింపొద్దు. పావుగంట దాటితే చేయి దానంతట అదే 3 మీద నొక్కేస్తుంది, వరసగా 3లు పడ్డాయంటే ఆ షీటుకి విలువ లేదు. మొత్తం టూల్‌కి రెండున్నర గంటలు కేటాయించి, మూడు రోజుల్లో మూడు విడతలుగా చేయడం మంచిది: మొదటి రోజు నైపుణ్యాలు, రెండో రోజు ఆసక్తులు, విలువలు, కెరీర్లు, మూడో రోజు లక్ష్యాలు.

మార్కులు వేయడంలో ఒక నియమం పెట్టుకుంటే ఫలితం మారిపోతుంది. 4 గానీ 5 గానీ వేసుకుంటే, గత ఆరు నెలల్లో దానికి రుజువు ఏమిటో పక్కన ఒక ముక్క రాసుకోవాలి. 'స్టాటిస్టిక్స్ 4' అని వేసుకున్న స్కాలర్, ఏ డేటాకి ఏ టెస్టు ఎందుకు వాడానో ఒక్క వాక్యంలో రాయలేకపోతే అది 4 కాదు. అలాగే 1, 2 వేసుకున్నచోట, అది ఈ పీహెచ్‌డీకి ఎప్పటికి కావాలో నెల వేసుకోవాలి. నాలుగో ఏడాదిలో గానీ అక్కర్లేని నైపుణ్యం ఈ రోజు 1 ఉంటే బెంగ పడనక్కర్లేదు.

ఈ భాగంలో అసలు బంగారం ఎక్కడుందంటే, అదే ప్రశ్నల ఖాళీ కాపీని ప్రింటు తీసి గైడ్‌కి ఇచ్చి, స్కాలర్ గురించి ఆయన్నీ మార్కులు వేయమని అడగడంలో. టూల్‌లో దానికి ఏర్పాటేమీ లేదు, కాగితం మీదే చేయాలి. తర్వాత రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి, రెండు మార్కులు గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడా వచ్చిన అంశాల గురించి మాత్రమే మాట్లాడుకోవాలి. మిగతావి వదిలేయండి. తేడా రెండు వైపులా వస్తుంది. పేపర్ రాయడంలో స్కాలర్ తనకు 2 వేసుకుంటే, గైడ్ 4 వేస్తారు. అప్పుడు తేలేది ఏమిటంటే, గైడ్ ఎర్ర సిరాతో దిద్దిన డ్రాఫ్టు చూసి స్కాలర్ బెంబేలెత్తాడు గానీ, గైడ్ లెక్కలో ఆ దిద్దుబాట్లు మామూలు విషయం. తలకిందులుగా కూడా జరుగుతుంది. నోట్‌బుక్ నిర్వహణలో స్కాలర్ 5 వేసుకుంటే గైడ్ 2 వేస్తారు. ఎందుకంటే స్కాలర్ దృష్టిలో మంచి నోట్‌బుక్ అంటే చక్కగా రాసింది, గైడ్ దృష్టిలో మంచి నోట్‌బుక్ అంటే యాంటీబాడీ లాట్ నంబరూ, ఫెయిలైన ప్రయోగమూ కూడా ఉన్నది. అర్థంలో ఆ తేడా ఆరు నెలల ముందే బయటపడిందంటే, థీసిస్ రాసేటప్పుడు పాత జెల్ ఏ శాంపిల్‌దో తెలియక తల పట్టుకునే దుస్థితి తప్పుతుంది.

ఆసక్తుల భాగం ఎలాంటి పనులు ఎంత తరచుగా చేయాలనుందో అడుగుతుంది. విలువల భాగం జీతం, స్థిరత్వం, కుటుంబానికి సమయం, స్వేచ్ఛ లాంటివాటిలో మీకేది ఎంత ముఖ్యమో అడుగుతుంది. విలువల భాగం గురించి గైడ్‌లకు ఒక మనవి: ఆ పేజీ చూపించమని అడగకండి. ఇంటి బాధ్యతలు, పెళ్లి, అమ్మానాన్నల ఆరోగ్యం లాంటివి అందులోకి వస్తాయి. అవి గైడ్ చూస్తారని తెలిస్తే స్కాలర్ నిజం రాయడు, నిజం రాయని షీటు ఎవరికీ అక్కరకు రాదు. ఎన్‌ఐహెచ్ కూడా ఐడీపీ వాడారా లేదా అని మాత్రమే అడుగుతుంది తప్ప లోపలేముందో పంపమనదు. సరైన పద్ధతి అదే.

ఆ తర్వాత వచ్చే కెరీర్ల భాగంలో, ఇరవై దాకా వృత్తుల్లో ఏవి మీ నైపుణ్యాలకూ ఆసక్తులకూ ఎంత సరిపోతాయో శాతాల్లో చూపిస్తుంది. యూనివర్సిటీ పరిశోధన, కంపెనీ పరిశోధన, బోధన, సైన్స్ రచన, పేటెంట్లు, పాలసీ, ఇలా ఉంటాయి. ప్రొఫెసర్ ఉద్యోగం ఒక్కటే గతి అనుకునేవాళ్లకి కళ్లు తెరిపించే భాగమిది. కానీ ఆ జాబితా పూర్తిగా అమెరికా ఉద్యోగ మార్కెట్‌ని బట్టి వేసింది. మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు కోసం నెట్, ఏపీసెట్, టీజీసెట్ ఉంటాయి. డీఆర్‌డీఓ, సీఎస్‌ఐఆర్ సైంటిస్టు పోస్టులుంటాయి, వ్యవసాయ పరిశోధనలోకి వెళ్లాలంటే ఏఆర్‌ఎస్ పరీక్ష ఉంటుంది. వయోపరిమితులూ, రిజర్వేషన్ రోస్టర్లూ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని ఎదురుచూపులూ మన లెక్కలో భాగం. వీటిలో ఒక్కటీ ఈ టూల్‌కి తెలియదు. కాబట్టి శాతాలను దిక్సూచిలా చూసుకోండి గానీ జాతకంలా నమ్మొద్దు. మొదటి మూడు వృత్తులు తీసుకుని, ఒక్కోదానికి ఇండియాలో ప్రవేశమార్గం ఏమిటో, ఏ వయసు లోపు అప్లై చేయాలో చేత్తో రాసుకుంటే ఈ లోటు తీరుతుంది.

లక్ష్యాల భాగమే ఎక్కువమంది పాడుచేసేది. కెరీర్ లక్ష్యాలు, నైపుణ్య లక్ష్యాలు, ప్రాజెక్టు లక్ష్యాలు అని మూడు రకాలు అడుగుతుంది. తేదీలు వేస్తే ఈమెయిల్లో గుర్తు చేస్తుంది కూడా. కానీ అందులో ఏం రాసినా తీసుకుంటుంది. 'వెస్టర్న్ బ్లాట్ (శాంపిల్‌లో ఒక ప్రోటీన్‌ని గుర్తించే పరీక్ష) నేర్చుకోవాలి' అని రాసినా సరేనంటుంది. అలాంటి లక్ష్యం నెరవేరిందో లేదో సంవత్సరం తర్వాత ఎవరూ చెప్పలేరు. అదే లక్ష్యాన్ని ఇలా రాసి చూడండి:

"సెప్టెంబర్ 30 లోపు ఈ ప్రోటీన్‌కి వెస్టర్న్ బ్లాట్ సొంతంగా చేయాలి. మూడు వేర్వేరు బ్యాచ్‌ల సెల్స్ నుంచి మూడు బ్లాట్లు, ప్రతిదానికీ లోడింగ్ కంట్రోల్ ఉండాలి. మొదటిది సీనియర్ పక్కనుండగా, రెండోది సీనియర్ చూస్తుండగా, మూడోది ఒంటరిగా. యాంటీబాడీ జూలై మొదటి వారంలోపే ఆర్డర్ పెట్టాలి. ఆగస్టు 15 నాటికి యాంటీబాడీ రాకపోతే పక్క ల్యాబ్‌లో ఉన్నది అడగాలి."

తేడా చివరి రెండు వాక్యాల్లో ఉంది. మన ల్యాబుల్లో ప్రాజెక్టు లక్ష్యాలు తప్పడానికి పెద్ద కారణం స్కాలర్ బద్ధకం కాదు, సరుకు రాకపోవడం. ఇండెంట్ పెట్టడం, కొటేషన్లు తెప్పించడం, ప్రభుత్వ కొనుగోళ్ల సైటు జెమ్ పోర్టల్‌లో దొరుకుతుందో లేదో చూడటం, పర్చేజ్ సెక్షన్ సంతకాలు, దిగుమతి సరుకైతే కస్టమ్స్, ఆ పైన డ్రై ఐస్‌లో వచ్చిన పెట్టె ఆదివారం సెక్యూరిటీ గదిలో కరిగిపోకుండా అందుకోవడం. ఇవన్నీ లెక్క వేయని టైమ్‌లైన్ మొదటి నెలలోనే తప్పుతుంది, తప్పిన టైమ్‌లైన్‌ని ఎవరూ రెండోసారి తెరవరు. అందుకని ప్రతి ప్రాజెక్టు లక్ష్యం కిందా రెండు గీతలు అదనంగా వేసుకోండి: 'దీనికి బయటి నుంచి రావలసింది ఏమిటి?', 'అది రాకపోతే అప్పటిదాకా చేసే పని ఏమిటి?' ఏడాదికి ఇలాంటివి ఆరు లక్ష్యాలు చాలు, నాలుగు ప్రాజెక్టువీ రెండు నైపుణ్యానివీ. పన్నెండు రాసుకున్నవాళ్లు నాలుగు కూడా చేయరు.

చివరన మెంటరింగ్ టీమ్ అనే చిన్న భాగం ఉంది. ఏ విషయానికి ఎవరిని అడుగుతారో పేర్లు రాసుకోమంటుంది. అందరూ గబగబా దాటేసే ఈ పేజీయే మా దృష్టిలో టూల్ మొత్తానికీ విలువైనది. గైడ్ ఒక్కరే అన్నీ చెప్పాలనుకోవడం దగ్గరే సగం మనస్పర్థలు మొదలవుతాయి. స్టాటిస్టిక్స్‌కి పక్క డిపార్ట్‌మెంట్ మేడమ్, ఫ్లో సైటోమీటర్‌కి టెక్నికల్ ఆఫీసర్, ఇంగ్లీషు దిద్దడానికి ఓ పోస్ట్‌డాక్, ఫెలోషిప్ కాగితాలకు అకౌంట్స్‌లో ఫలానా సీటు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ల్యాబ్‌తో సంబంధం లేని మనిషి. కనీసం ఐదు పేర్లుండాలి, అందులో ఒకరైనా గైడ్ కింద పనిచేయనివాళ్లయి ఉండాలి. గైడ్‌తోనే ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో గొడవ రాకముందే రాసి ఉంచుకోవాలి, వచ్చాక వెతుక్కునే ఓపిక ఉండదు.

ఇక ఈ టూల్‌లో లేనిది. ల్యాబ్‌కి ఎన్నింటికి రావాలి, శనివారం రావాలా, సంక్రాంతికి ఎన్ని రోజులు వెళ్లొచ్చు, పేపర్లో మొదటి పేరు ఎవరిది, డ్రాఫ్టు ఇస్తే ఎన్ని రోజుల్లో దిద్ది ఇస్తారు, థీసిస్‌కి సంబంధం లేని పనులు ఎంతవరకు చేయాలి. స్కాలర్లు నిద్ర పాడుచేసుకునే ప్రశ్నలన్నీ ఇవే, మైఐడీపీ వీటిలో ఒక్కటీ అడగదు. దీనికి జోడీగా వాడదగ్గది అమెరికా వైద్య కళాశాలల సంఘం ఏఏఎంసీ 2008లో వెలువరించిన ఒప్పంద పత్రం. అందులో స్కాలర్ వైపు హామీలు, గైడ్ వైపు హామీలు విడివిడిగా ఉంటాయి. డిగ్రీ పూర్తి చేసుకునే ప్రధాన బాధ్యత తనదేనని స్కాలర్ ఒప్పుకుంటాడు. శిక్షణకు సంబంధం లేని పనులు చేయించనని గైడ్ ఒప్పుకుంటారు. నోట్‌బుక్ అసలు ప్రతి సంస్థదే, స్కాలర్ కాపీ తీసుకెళ్లవచ్చు అన్న విషయం కూడా అందులో ఉంది. ఆ పత్రం మంచిదే గానీ మర్యాదగా, పెద్దమాటల్లో ఉంటుంది. 'క్రమం తప్పకుండా కలుస్తాను' అంటే వారానికొకసారా, నెలకొకసారా? అది ల్యాబ్ తేల్చుకోవాలి.

కాబట్టి అంకెలతో ఒకే ఒక్క పేజీ సొంతంగా రాసుకోవాలి. నమూనాగా ఒక ముక్క:

"విడిగా మీటింగ్: వారం విడిచి వారం, 30 నిమిషాలు. ముందు రోజు సాయంత్రంలోపు స్కాలర్ ఒక పేజీ పంపాలి: చేసింది, తేలింది, ఆగింది. డ్రాఫ్టు దిద్ది ఇవ్వడానికి గైడ్‌కి గడువు: పేపర్‌కి 2 వారాలు, థీసిస్ చాప్టర్‌కి 3 వారాలు. గడువు దాటితే స్కాలర్ గుర్తు చేయవచ్చు, అది విసిగించడం కింద లెక్క కాదు."

ఆ చివరి వాక్యం లేకపోతే మిగతాదంతా వృథా. మన ల్యాబుల్లో 'సర్ బిజీగా ఉన్నారు, మళ్లీ అడిగితే ఏమనుకుంటారో' అన్న జంకుతోనే డ్రాఫ్టులు నెలల తరబడి టేబుల్ మీద పడి ఉంటాయి. గుర్తు చేసే హక్కు రాతలో ఉంటే ఆ జంకు పోతుంది. గైడ్‌కీ మంచిదే, ఎందుకంటే చాలామంది గైడ్లు నిజంగా మరిచిపోతారు, ఎవరైనా గుర్తు చేస్తే బాగుండు అనుకుంటారు.

పేపర్‌లో పేర్ల విషయం ప్రయోగం మొదలుపెట్టే ముందే మాట్లాడుకోవాలి, డ్రాఫ్టు రాసేటప్పుడు కాదు. వైద్య పత్రికల సంపాదకుల కమిటీ ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది: పనిలో గానీ డేటాలో గానీ చెప్పుకోదగ్గ పాత్ర, రాయడంలో లేదా కీలకంగా దిద్దడంలో పాత్ర, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం. నాలుగూ ఉంటేనే రచయిత. రీఏజెంటు (ప్రయోగానికి వాడే రసాయనం) ఇచ్చినవాళ్లకీ, మెషీన్ నడిపినవాళ్లకీ కృతజ్ఞతల్లో చోటు. ఇది ముందే పేజీలో రాసి, ప్రాజెక్టు మలుపు తిరిగినప్పుడల్లా మొదటి పేరు గురించి మళ్లీ మాట్లాడుకుంటామని ఒక వాక్యం చేర్చాలి. జూనియర్ మొదలుపెట్టిన పనిని సీనియర్ ముగించినప్పుడు వచ్చే తగాదాలకి మందు ఈ ఒక్క వాక్యమే.

పనిగంటల దగ్గర అమెరికాకీ మనకీ లెక్క వేరు. అక్కడ ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చేయకూడదు, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కాగితం మీద సాధారణంగా అంతే ఉంటుంది. కానీ థీసిస్ పని చదువు కింద లెక్క, దానికి ఆ పరిమితి వర్తించదు. అందుకే 20 గంటలకే జీతం వచ్చే ల్యాబ్‌లో 45 గంటలు గడపడం మామూలైపోయింది. కొత్తగా చేరినవాళ్లు ఇది మోసమనుకుంటారు, గైడ్ 20 గంటలకే వెళ్లిపోయే స్టూడెంట్‌కి శ్రద్ధ లేదనుకుంటారు. జీతం పని ఏది, థీసిస్ పని ఏది, రెండూ ఒకటే అయినచోట వారానికి మొత్తం ఎన్ని గంటలు ఆశిస్తున్నారు అన్నది పేజీలో అంకెతో ఉండాలి. మన దగ్గర యూజీసీ నిబంధనలు స్కాలర్‌కి వారానికి 4 నుంచి 6 గంటల బోధన లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ పని ఇవ్వవచ్చంటాయి. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్, ఇంటర్నల్స్ దిద్దడం, సెమినార్ ఏర్పాట్లు అన్నీ కలిపి ఆ అంకె దాటుతుంటే, ఈ పేజీ చేతిలో ఉన్న స్కాలర్ మర్యాదగా మాట ఎత్తగలడు.

మన స్కాలర్లు టూల్‌లో తేదీలు నింపేటప్పుడు పక్కన పెట్టుకోవలసిన అంకెలు కొన్ని ఉన్నాయి. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6, పొడిగింపుతో 8. మహిళలకూ, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికీ ఆపైన ఇంకో 2 ఏళ్లు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం రావాలి. పేపర్ అచ్చయితే గానీ థీసిస్ సమర్పించకూడదన్న పాత షరతు ఈ నిబంధనల్లో లేదు, కానీ యూనివర్సిటీలూ సంస్థలూ సొంత షరతులు పెట్టుకుంటాయి కాబట్టి మీ ఆర్డినెన్స్ చూసుకోండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్లకి రెండేళ్ల దగ్గర ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మదింపు వస్తుంది. 2023 జనవరి నుంచి ఆ మెట్టు దగ్గర నెలకు 37,000 కాస్తా 42,000 అవుతుంది. ఆ మదింపు నాటికి ఏం చూపించాలో అన్నది రెండో ఏడాది ప్రాజెక్టు లక్ష్యాల్లో మొదటిది కావాలి. ఇంకో సంగతి, రిటైర్మెంట్‌కి 3 ఏళ్ల కంటే తక్కువ ఉన్న టీచర్ కొత్త స్కాలర్‌ని తీసుకోకూడదు. సరిగ్గా మూడేళ్లున్నవారి దగ్గర చేరితే, తర్వాత గైడ్‌షిప్ ఎలా నడుస్తుందో చేరిన రోజే అడిగి రాసుకోవాలి.

ఇదంతా గైడ్ ముందుకు ఎలా తీసుకెళ్లాలి అన్నది చాలామందికి అసలు కష్టం. 'సర్, మన మధ్య ఎక్స్‌పెక్టేషన్స్ మాట్లాడుకుందాం' అంటే ఎదురుతిరిగినట్టు వినిపిస్తుంది. "సర్, వచ్చే సెమిస్టర్ ఆర్‌ఏసీ రిపోర్టుకి ప్లాన్ రాసుకున్నాను. ఒకే పేజీ. ఇరవై నిమిషాలిస్తే మీరు చెప్పినట్టు మారుస్తాను," అంటే చాలు. అది నిజం కూడా. ఇరవై పేజీల ప్రింటవుట్ మొత్తం తీసుకెళ్లొద్దు; ఆరు లక్ష్యాలు, మూడు తేడాలు, ఒక ఎక్స్‌పెక్టేషన్స్ పేజీ, అంతే. మీటింగ్ అయ్యాక అదే రోజు రాత్రిలోపు "ఈ రోజు మీరు చెప్పినవి నేను ఇలా అర్థం చేసుకున్నాను" అని ఐదు వాక్యాల మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా ఫరవాలేదు, తేదీతో సహా రికార్డు ఉంటుంది. అమెరికా ల్యాబుల్లో అయితే ఇంత మొహమాటం అక్కర్లేదు. అక్కడ అడ్వైజర్‌ని పేరు పెట్టి పిలిచే వాతావరణంలో నోరు మెదపని స్టూడెంట్‌ని చూసి వినయం అనుకోరు, ఆసక్తి లేదనుకుంటారు.

గైడ్ల వైపు లెక్క కూడా చూడాలి. యూజీసీ పరిమితి ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 స్కాలర్లు ఉండొచ్చు. ఎనిమిది మందికి ఏడాదికి రెండుసార్లు గంట చొప్పున కేటాయిస్తే పదహారు గంటలు. ఒక్క స్కాలర్ మధ్యలో మానేస్తే పోయే కాలంతో పోలిస్తే అదెంత? అందరివీ ఒకే వారంలో పెట్టుకోవద్దు, నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి వినే ఓపిక పోతుంది. వారానికి ఇద్దరు చొప్పున నెల రోజుల్లో ముగించండి.

పోటీ సాధనాల విషయానికొస్తే, కెమిస్ట్రీ వాళ్లకి అమెరికన్ కెమికల్ సొసైటీ నడిపే కెమ్‌ఐడీపీ మేలు. అదీ ఉచితమే, కంపెనీ ఉద్యోగాల వివరాలు రసాయనశాస్త్రానికి తగ్గట్టు ఉంటాయి. తెలుగు సాహిత్యం, చరిత్ర, సోషియాలజీ స్కాలర్లకి మైఐడీపీ ప్రశ్నలు అతకవు. వాళ్లు ఇమాజిన్ పీహెచ్‌డీ చూడాలి, హ్యుమానిటీస్, సోషల్ సైన్సుల కోసమే చేసిందది. ఇంజనీరింగ్ వాళ్లకి మైఐడీపీ నైపుణ్యాల భాగం పనికొస్తుంది, కెరీర్ల భాగం జీవశాస్త్రం వైపు ఒరిగి ఉంటుంది.

ఇది వద్దనేది ఇద్దరికి. థీసిస్ సమర్పణకి ఆరు నెలలే ఉన్నవాళ్లకి కెరీర్ పేజీ తప్ప మిగతాది దండగ. గైడ్‌తో వ్యవహారం ఇప్పటికే ఫిర్యాదు దాకా వెళ్లినవాళ్లకి కూడా ఇది కాదు దారి. వాళ్లు ఆర్‌ఏసీ సభ్యుల దగ్గరికో, డీన్ దగ్గరికో, వేధింపు అయితే అంతర్గత ఫిర్యాదుల కమిటీ దగ్గరికో వెళ్లాలి. ప్లానింగ్ షీటు ఆ పని చేయదు. డిపార్ట్‌మెంట్లకూ ఒక మాట: నింపినట్టు సర్టిఫికెట్ తెచ్చి ఫైలులో పెట్టమనడం మొదలైతే స్కాలర్లు పదిహేను నిమిషాల్లో 3లు కొట్టి ప్రింటు తెచ్చిస్తారు. అడగాలనుకుంటే మీటింగ్ జరిగిన తేదీ అడగండి.

రిజిస్టర్ చేసేటప్పుడు యూనివర్సిటీ మెయిల్ ఇవ్వకండి, డిగ్రీ అయ్యాక ఆ మెయిల్ మూతపడితే పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకోవడం కష్టం. సొంత మెయిల్‌తో చేరండి. ప్రతి ఏడాదీ మార్చే ముందు పాత సమ్మరీని పీడీఎఫ్‌గా దాచి, ఫైలు పేరులోనే నెల, సంవత్సరం వేసుకోండి. రెండో ఏడాది షీటు నింపడానికి కూర్చున్నప్పుడు మొదటి ఏడాదిది ముందే తెరవొద్దు. మార్కులన్నీ వేశాకే తెరిచి పక్కన పెట్టి చూడండి.